మిబ్ ఫైల్ ఎక్కించాను, అయినా ఏమీ కనిపించడం లేదు

నెట్‌వర్క్ ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిబ్ ఫైళ్లు (పరికరాలు పంపే అంకెలకు పేర్లు, అర్థాలు చెప్పే ఫైళ్లు) లోడ్ చేయడం గురించే. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను ఒక కాలేజీలో నెట్‌వర్క్, సర్వర్లు చూసుకుంటాను. కొత్తగా యూపీఎస్ పెట్టారు. దాని మిబ్ ఫైల్ దించుకుని లైనక్స్ సర్వర్‌లో ఉన్న మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో లోడ్ చేస్తే, ఫలానా మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ వచ్చింది. ఆ మాడ్యూల్ వెతికి పెడితే ఇంకోటి దొరకలేదంది. చివరికి ఎర్రర్లు పోయాయి కానీ యూపీఎస్ వివరాలు ఒక్కటీ రావడం లేదు. పైనుంచి అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చూడాలి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఫైల్ లోడ్ కాకపోవడం మీ సర్వర్‌లోపలి సంగతి. వివరాలు రాకపోవడం సర్వర్‌కీ యూపీఎస్‌కీ మధ్య సంగతి. మొదటిది సర్దుకుంటే రెండోది దానంతట అదే సర్దుకుంటుందని అనుకున్నారు. చాలామంది అలాగే అనుకుని రోజులు పోగొట్టుకుంటారు.

పరికరాల వివరాలు నెట్‌వర్క్ మీద అడిగి తెలుసుకునే పద్ధతి ఎస్‌ఎన్‌ఎంపీ, అడిగితే జవాబిచ్చే ప్రోగ్రామ్ ఏజెంట్. యూపీఎస్‌లో ఉన్న ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్‌కి మీ దగ్గర ఏ ఫైల్ ఉందో తెలియదు. దానికి తెలిసినవి అంకెల వరుసలే. వాటినే ఓఐడీలంటాం. 1.3.6.1.2.1.33.1.2.1.0 విలువ ఎంత అని సర్వర్ అడుగుతుంది, 2 అని యూపీఎస్ జవాబిస్తుంది. వాళ్లిద్దరి మధ్య జరిగేది అంతే. ఆ వరుస బ్యాటరీ స్థితికి సంబంధించినదనీ, 2 అంటే బ్యాటరీ నార్మల్ అనీ, 3 అంటే బ్యాటరీ లో అనీ, 4 అంటే పూర్తిగా అయిపోయిందనీ చెప్పేది మిబ్ ఫైల్. ఫోన్‌లో పేరు సేవ్ చేసుకోకపోయినా నంబరు కొడితే కాల్ కలుస్తుంది, సేవ్ చేసుకున్నంత మాత్రాన అవతలివాళ్లు ఎత్తాలనేం లేదు. ఇదీ అలాంటిదే.

కాబట్టి ఫైళ్లన్నీ కాసేపు పక్కన పెట్టండి. మానిటరింగ్ నడిచే సర్వర్ నుంచే, మీ లాప్‌టాప్ నుంచి కాదు, ఎస్‌ఎన్‌ఎంపీవాక్ కమాండ్‌తో (ఒక ఓఐడీ కింద ఉన్నవన్నీ వరుసగా తెచ్చేది) 1.3.6.1.2.1.1 అడగండి, అక్కడ పరికరం ప్రాథమిక వివరాలుంటాయి. సర్వర్ నుంచే ఎందుకంటే, ఏ ఐపీ అడ్రస్‌లు తనను అడగవచ్చో చాలా పరికరాల్లో ఒక జాబితా ఉంటుంది. లాప్‌టాప్ ఆ జాబితాలో ఉండి సర్వర్ లేకపోతే మీ పరీక్షకు అర్థం లేదు.

జవాబు మూడు రకాలుగా రావచ్చు. మొదటిది టైమౌట్. అప్పుడు యూడీపీ 161 పోర్ట్ దారిలో ఎక్కడైనా మూసి ఉందా, ఏజెంట్ అసలు ఆన్‌లో ఉందా, కమ్యూనిటీ స్ట్రింగ్ (పాస్‌వర్డ్ లాంటి మాట) సరిగ్గా ఉందా చూడాలి. ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1, 2సీ వాడుతుంటే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. కమ్యూనిటీ స్ట్రింగ్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఏజెంట్ మీకు తప్పని చెప్పదు, నోరు మెదపకుండా ఊరుకుంటుంది. కేబుల్ ఊడిపోయినా, స్ట్రింగ్ తప్పయినా మీకు కనిపించేది అదే టైమౌట్. వెర్షన్ 3లో యూజర్ పేరు తప్పయితే మాత్రం ఆ మాట తిరిగి చెబుతుంది.

రెండోది, ఆ ఓఐడీ దగ్గర అలాంటి ఆబ్జెక్ట్ లేదని రావడం. అంటే మాట కలిసింది కానీ మీరడిగింది ఆ ఏజెంట్ ఇవ్వడం లేదు. ఆ మోడల్‌లో ఆ సదుపాయం లేకపోవచ్చు, లేదా మీకు చూపించే పరిధిని కుదించి ఉండవచ్చు. డెబియన్ (ఒక రకం లైనక్స్) సర్వర్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్ కొత్తగా వేస్తే ఇదే జరుగుతుంది. సిస్టమ్ వివరాలు, ఇంకో చిన్న భాగం తప్ప మిగతాదంతా డిఫాల్ట్‌గా కనబడకుండా ఉంటుంది. సీపీయూ, డిస్క్ వివరాలు రావడం లేదని మిబ్ ఫైళ్లు వెతికేవాళ్లు ముందు ఏజెంట్ కాన్ఫిగరేషన్‌లో వ్యూ అనే లైన్ చూడాలి.

మూడోది, పరికరం వర్ణన, ఆబ్జెక్ట్ ఐడీ, ఎంతకాలంగా నడుస్తోందీ వరుసగా రావడం. ఇది వస్తే దారి బాగుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఎస్‌ఎన్‌ఎంపీవాక్‌కి ఏ ఓఐడీ ఇవ్వకుండా వదిలేస్తే అది 1.3.6.1.2.1 కింద ఉన్నవే తెస్తుంది. అవి అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉండే ప్రామాణిక వివరాలు. తయారీదారు సొంత వివరాలు 1.3.6.1.4.1 కింద ఉంటాయి. "వాక్ చేశాను మేడమ్, మా కంపెనీవి ఏమీ లేవు" అని రాసినవాళ్లలో చాలామంది ఆ కొమ్మ అడగనే లేదు. రెండూ విడివిడిగా అడగండి. అవుట్‌పుట్‌ని అంకెల్లోనే చూపించమనే ఆప్షన్ కూడా పెట్టండి, ఫైళ్ల గొడవ మధ్యలోకి రాదు. వచ్చిన మొత్తాన్ని మోడల్ పేరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, తేదీతో ఒక ఫైల్‌గా దాచండి. నేను చూసే ప్రతి కొత్త మోడల్‌కీ అలాంటి ఫైల్ నా దగ్గర ఉంటుంది. మిబ్ చదివి ఏముండాలో తెలుసుకోవచ్చు, ఏముందో తెలిసేది దీన్ని చూస్తేనే.

ఇప్పుడు ఫైళ్ల దగ్గరికి వద్దాం. ఒక ఫైల్ వెనక ఇంకో ఫైల్ ఎందుకు అడుగుతోందో తెలియాలంటే మీ మిబ్ ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అది ప్రోగ్రామ్ కాదు, చదవగలిగే టెక్స్టే. మొదట్లో పెద్ద అక్షరాల్లో మాడ్యూల్ పేరు, దాని పక్కన డెఫినిషన్స్ అనే మాట, ::= గుర్తు, బిగిన్ ఉంటాయి. ఆ కిందే ఇంపోర్ట్స్ అనే భాగం, సెమీకోలన్ వచ్చేదాకా. ఏయే పేర్లు ఏ మాడ్యూల్ నుంచి తెచ్చుకుంటోందో అక్కడ వరుసగా రాసి ఉంటుంది. ప్రతి "ఫ్రమ్" తర్వాత ఉన్న పేరు కాగితం మీద రాసుకోండి. సాధారణంగా అవి రెండు రకాలు. ఎస్‌ఎన్‌ఎంపీవీ2-ఎస్‌ఎంఐ, ఎస్‌ఎన్‌ఎంపీవీ2-టీసీ, ఎస్‌ఎన్‌ఎంపీవీ2-కాన్ఫ్ లాంటివి ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్‌వి, 1999లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ (ఆ సంస్థ ప్రచురించే పత్రాలు) 2578, 2579, 2580లలో ఉన్నాయి. రెండో రకం తయారీదారువే. ప్రతి కంపెనీకీ సొంత అంకె కింద కొమ్మలు ఎలా చీలతాయో చెప్పే మూల ఫైల్ ఒకటి ఉంటుంది, మిగతావన్నీ దాని మీద ఆధారపడతాయి. సిస్కోకి సిస్కో-ఎస్‌ఎంఐ అలాంటిదే.

ఒక్కో ఫైల్‌ని ఒక్కోసారి కంపైల్ చేసే సాఫ్ట్‌వేర్ అయితే ప్రామాణికమైనవి ముందు, తర్వాత కంపెనీ మూల ఫైల్, దాని టెక్స్చువల్ కన్వెన్షన్ల ఫైల్ (విలువల రకాలు నిర్వచించేది), చివర మీకు కావలసిన ఫైల్, ఈ వరుసలో ఎక్కించండి. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ (ఉచిత ఎస్‌ఎన్‌ఎంపీ సాధనాల సమూహం) మీద నడిచే సాఫ్ట్‌వేర్ అయితే వరుస పట్టింపు లేదు, అన్నీ అది వెతికే డైరెక్టరీలో ఉంటే చాలు. అయితే ఫైల్ డైరెక్టరీలో పెట్టడం వేరు, లోడ్ కావడం వేరు. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ తన డిఫాల్ట్ జాబితాలోవి, వాటికి అవసరమైనవి మాత్రమే చదువుతుంది. మీ మాడ్యూల్‌ని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో మిబ్స్ అనే లైన్‌లో ప్లస్ గుర్తుతో చేర్చాలి. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లకి ఇంకో అడ్డు. లైసెన్స్ కారణాల వల్ల ప్రామాణిక మిబ్‌లను వాళ్లు ప్రధాన ప్యాకేజీతో ఇవ్వరు, డౌన్‌లోడర్ అనే వేరే ప్యాకేజీ వేసుకోవాలి. పైగా కాన్ఫిగరేషన్‌లో మిబ్స్ పక్కన ఉత్త కోలన్ ఉన్న లైన్ ఒకటి ఉంటుంది. అది ఉన్నంతకాలం ఏ మిబ్‌నీ చదవదు. ఆ లైన్‌ని కామెంట్ చేయండి.

తర్వాత సర్వీస్ రీస్టార్ట్ చేయడం మర్చిపోకండి. ఈ ఫైళ్లు ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు చదివేవి. ఇంకొకటి, మీరు రూట్ యూజర్‌గా కమాండ్ ఇస్తే పేర్లు కనిపించి, సాఫ్ట్‌వేర్‌లో కనిపించకపోతే ఫైల్ పర్మిషన్లు చూడండి. సర్వీస్ నడిచేది వేరే యూజర్ కింద, ఆ యూజర్‌కి చదివే హక్కు ఉండాలి.

ఫైలే పాడై ఉండే సందర్భాలూ ఉంటాయి. బ్రౌజర్‌లో సేవ్ చేస్తే ఫైల్ బదులు వెబ్ పేజీ కోడ్ సేవ్ కావడం అన్నిటికన్నా ఎక్కువగా చూశాను. మొదటి లైన్ చూస్తే తెలిసిపోతుంది. ఆర్ఎఫ్‌సీ నుంచి కాపీ చేస్తే ప్రతి పేజీ చివరి, మొదటి లైన్లు మధ్యలో ఇరుక్కుంటాయి, వాటిని తీసేయాలి. ఇంకోటి కనిపెట్టడం కష్టం. ఈ ఫైళ్లలో రెండు హైఫన్లు కామెంట్‌ని మొదలుపెడతాయి, అదే లైన్‌లో మళ్లీ రెండు హైఫన్లు వస్తే కామెంట్ అక్కడితో ముగుస్తుంది. అందంగా ఉంటుందని గీసిన హైఫన్ల గీత కొన్ని కంపైలర్లను తికమక పెడుతుంది. ఎర్రర్ చూపించిన లైన్ బాగానే ఉందనిపిస్తే దాని పై లైన్లు చూడండి. ఎస్‌ఎంఐలింట్ అనే ఉచిత సాధనం ఇలాంటివి పట్టిస్తుంది.

మీ జిప్‌లో ఉన్నవన్నీ ఒక్కసారిగా ఎక్కించకండి. మీకు కావలసింది ఒకటో రెండో మాడ్యూళ్లు, వాటి ఆధారాలు. వందల ఫైళ్లు లోడ్ చేస్తే ప్రతి కమాండ్ నెమ్మదిస్తుంది, మీకు సంబంధం లేని ఎర్రర్ల మధ్య మీ ఎర్రర్ కనబడదు.

ఇదంతా అయ్యాక కూడా గ్రాఫ్ దానంతట అది రాదు. జాబిక్స్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఏ ఓఐడీని ఎన్ని సెకన్లకోసారి అడగాలో ఐటమ్‌గా గానీ టెంప్లేట్‌గా గానీ మీరే చెప్పాలి. అక్కడ పేరు బదులు అంకెల ఓఐడీ రాయమని నా సలహా. రేపు సర్వర్ మారినా, ఎవరో ఫైల్ తీసేసినా మీ మానిటరింగ్ ఆగదు.

ప్రశ్న: యూపీఎస్ ఇన్‌పుట్ వోల్టేజ్ 230 అని సరిగ్గానే వస్తోంది. బ్యాటరీ వోల్టేజ్ మాత్రం 546 అంటోంది. ఫైల్ తప్పా, యూపీఎస్ చెడిపోయిందా?

జవాబు: రెండూ కాదు. ప్రామాణిక యూపీఎస్ మిబ్ ఆర్ఎఫ్‌సీ 1628, 1994 నాటిది. అందులో ఇన్‌పుట్ వోల్టేజ్ పూర్తి వోల్టుల్లో, బ్యాటరీ వోల్టేజ్ వోల్టులో పదో వంతుల్లో ఉంటాయి. మీది 54.6 వోల్టులు. ఫ్రీక్వెన్సీ కూడా హెర్ట్జ్‌లో పదో వంతుల్లోనే వస్తుంది. ఎస్‌ఎన్‌ఎంపీ ఇలా పూర్ణాంకాలతోనే నెట్టుకొస్తుంది కాబట్టి దశాంశం ఎక్కడ పెట్టాలో మిబ్ చదివి తెలుసుకోవాలి. యూనిట్స్ అనే లైన్, దాని కిందున్న డిస్క్రిప్షన్ రెండూ చదవండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఐటమ్‌కి 0.1 మల్టిప్లయర్ పెడితే సరిపోతుంది. అలారం హద్దులు ముందే పెట్టి ఉంటే వాటినీ మార్చండి, లేదంటే 480 కింద పడితే చెప్పమన్న నియమం 54.6 చూసి వెంటనే మోగుతుంది.

ప్రశ్న: కరెంట్ పోయినప్పుడు యూపీఎస్ నుంచి ట్రాప్ (అడగకుండానే పరికరం పంపే హెచ్చరిక) వస్తోంది కానీ అంతా అంకెలే. మిబ్ లోడ్ అయ్యే ఉంది, కమాండ్ లైన్‌లో పేర్లు వస్తున్నాయి. పైగా అదే ట్రాప్ మళ్లీ మళ్లీ వస్తోంది. ఏదైనా లూప్ పడిందా మేడమ్?

జవాబు: లూప్ కాదు. బ్యాటరీ మీద నడుస్తున్నంతసేపూ నిమిషానికోసారి ఈ ట్రాప్ మళ్లీ పంపాలని ఆ మిబ్‌లోనే రాసి ఉంది. ట్రాప్ యూడీపీ 162 మీద వస్తుంది, దారిలో పోయినా మామూలు ట్రాప్ విషయంలో పంపినవాడికి తెలియదు. కరెంట్ పోయిన మొదటి క్షణంలో స్విచ్‌లు కూడా తడబడవచ్చు. ఒక్కసారే పంపి ఊరుకుంటే ఆ ఒక్కటీ పోవచ్చు. కాబట్టి యూపీఎస్ దగ్గర దాన్ని ఆపేయకండి, మీ సాఫ్ట్‌వేర్‌లో మొదటిదానికే ఎస్ఎంఎస్ వెళ్లేలా, మిగతావి దాని కిందే చేరేలా పెట్టుకోండి.

ఇక అంకెల సంగతి. ట్రాప్‌లు అందుకునేది వేరే ప్రాసెస్. కమాండ్ లైన్ చదివే కాన్ఫిగరేషన్ అదీ చదువుతోందనుకోకండి. కొన్ని ఏర్పాట్లలో కావాలనే అంకెల్లో ఉంచుతారు, ఎందుకంటే తర్వాతి దశలో ఎస్‌ఎన్‌ఎంపీటీటీ లాంటి అనువాదకుడు అంకెలతోనే నియమాలు పోల్చుకుంటాడు. అలాంటిచోట మిబ్ లోడ్ చేయడం సరిపోదు. మిబ్‌లోని ట్రాప్ నిర్వచనాలను నియమాలుగా మార్చే కన్వర్టర్ దానితోనే వస్తుంది, దాన్ని ఒకసారి నడపాలి. కన్వర్టర్ ఇచ్చిన ఫైల్‌ని అలాగే వాడకండి. ప్రతి ట్రాప్‌నీ ఒకే తీవ్రతతో రాసి ఉండవచ్చు. బ్యాటరీ మీదికి మారింది, బ్యాటరీ అయిపోవచ్చింది, సెల్ఫ్ టెస్ట్ పూర్తయింది, ఈ మూడింటికీ రాత్రి ఒకే రకంగా ఫోన్ మోగితే వారంలో ఎవరూ ఎత్తరు. కూర్చుని ఒక్కొక్కటీ చదివి విడదీయండి. ట్రాప్‌ని నమ్ముకుని పోలింగ్ (మనమే ఎప్పటికప్పుడు అడగడం) మానేయకండి, రెండూ ఉండాలి.

ప్రశ్న: ఇంటర్‌ఫేస్ మిబ్‌లో ట్రాఫిక్‌కి రెండు కౌంటర్లున్నాయి, ఒకదాని పేరులో హెచ్‌సీ ఉంది. ఏది వాడాలి?

జవాబు: హెచ్‌సీ ఉన్నది, అది 64 బిట్లది. మామూలుది 32 బిట్లు, గిగాబిట్ పోర్ట్ నిండుగా నడిస్తే సుమారు 34 సెకన్లకే సున్నాకి తిరిగొస్తుంది. మీరు ఐదు నిమిషాలకోసారి అడిగితే మధ్యలో ఎన్నిసార్లు తిరిగిందో సాఫ్ట్‌వేర్‌కి తెలిసే దారి లేదు, గ్రాఫ్ నిజం కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1లో 64 బిట్ల కౌంటర్ రాదు, 2సీ గానీ 3 గానీ వాడండి.

ప్రశ్న: ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా మిబ్ కూడా మార్చాలా?

జవాబు: ప్రతిసారీ అవసరం లేదు, కానీ ప్రతిసారీ చూడాలి. ఒకసారి ఒక అర్థానికి కేటాయించిన ఓఐడీని వేరే అర్థానికి వాడకూడదన్నది నియమం. పాతవి వదిలేసి కొత్తవి కొత్త అంకెలతో చేర్చాలి. అన్ని కంపెనీలూ దీన్ని పాటించవు. ఒక స్టోరేజ్ పరికరంలో డిస్క్ స్థితి చెప్పే ఓఐడీ అప్‌గ్రేడ్ తర్వాత కూడా అదే, కానీ 3 అనే విలువకి అర్థం మారిపోయింది. పాత మిబ్‌లో రీబిల్డ్ జరుగుతోందని, కొత్తదానిలో డిస్క్ ఫెయిల్ అయిందని. మా స్క్రీన్ మీద ఇంకా రీబిల్డ్ అనే ఉంది. రిలీజ్ నోట్స్‌లో ఆ ముక్క ఎక్కడా రాయలేదు. డిస్క్ మీద ఎర్ర లైట్ చూసిన సహోద్యోగి అడిగితే తెలిసింది. అప్పటినుంచి అప్‌గ్రేడ్‌కి ముందు వాక్, తర్వాత వాక్ తీసి రెండూ పోల్చడం, పాత, కొత్త మిబ్ ఫైళ్లనూ అలాగే పోల్చడం మా టీమ్‌లో తప్పనిసరి చేశాం. కొత్త ఫైల్ వేసేటప్పుడు పాతది ఆ డైరెక్టరీలోంచి తీసేయండి. ఒకే మాడ్యూల్ పేరుతో రెండు ఫైళ్లుంటే ఏది చదువుతుందో మీ చేతిలో ఉండదు. పేరు చివర ఓల్డ్ అని తగిలించినా కొన్ని సాఫ్ట్‌వేర్‌లు దాన్నీ చదివేస్తాయి, ఎందుకంటే అవి చూసేది ఫైల్ పేరు కాదు, లోపలున్న మాడ్యూల్ పేరు.

ప్రశ్న: ఇప్పుడంతా యాంగ్, టెలిమెట్రీ అంటున్నారు. మిబ్‌లు నేర్చుకోవడం దండగా?

జవాబు: కాదు. యాంగ్ అంటే పరికరాల కాన్ఫిగరేషన్, వివరాల నమూనాలు రాసే భాష, 2010లో ఆర్ఎఫ్‌సీ 6020గా వచ్చింది. పరికరమే తన వివరాలను ఎప్పటికప్పుడు పంపే పద్ధతి టెలిమెట్రీ. పెద్ద రౌటర్లు, స్విచ్‌లను కాన్ఫిగర్ చేయడానికి నిస్సందేహంగా అదే మెరుగు. కానీ యూపీఎస్, ప్రింటర్, ఏసీ కంట్రోలర్, పాత స్విచ్ చాలావరకు ఎస్‌ఎన్‌ఎంపీయే మాట్లాడతాయి. మీ గదిలో అవి ఉన్నంతకాలం ఇది కావాలి.

ప్రశ్న: మా దగ్గరున్న ఉష్ణోగ్రత సెన్సర్ బాక్స్‌కి మిబ్ ఫైల్ ఎక్కడా దొరకడం లేదు. పెట్టె మీద ఉన్న పేరుతో వెతికితే ఏమీ రావడం లేదు. వదిలేయమంటారా?

జవాబు: వదలకండి. పెట్టె మీది పేరు నమ్మకండి, 1.3.6.1.2.1.1.2.0 అడగండి. పరికరం ఆబ్జెక్ట్ ఐడీ అక్కడే ఉంటుంది. 1.3.6.1.4.1 తర్వాత వచ్చే అంకె అసలు తయారీదారుది. అయానా సంస్థ ఈ అంకెలు కేటాయిస్తుంది, ఆ జాబితా ఎవరైనా చూడవచ్చు. సిస్కోది 9, మైక్రోసాఫ్ట్‌ది 311, జునిపర్‌ది 2636. ఒక కంపెనీ తయారుచేసిన బోర్డు మీద ఇంకో కంపెనీ పేరు వేసి అమ్మడం మామూలే, అలాంటప్పుడు అసలు కంపెనీ సైట్‌లో మిబ్ దొరుకుతుంది. 8072 వస్తే లోపల నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ నడుస్తోందని, తయారీదారు తన అంకె పెట్టుకోలేదని అర్థం. కొన్ని పరికరాల సొంత వెబ్ పేజీలోనే మిబ్ డౌన్‌లోడ్ లింక్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ పేజీ చివరిదాకా చూడండి.

అదీ లేకపోతే 1.3.6.1.4.1 కింద వాక్ తీసి దాచండి. సెన్సర్‌ని కాసేపు చేత్తో పట్టుకుని వేడి చేసి మళ్లీ వాక్ తీయండి. రెండింటిలో మారిన వరుసలు కొన్నే ఉంటాయి. 248 ఉన్నది 291 అయిందంటే అది పదో వంతు డిగ్రీల్లో ఉష్ణోగ్రత అయి ఉండవచ్చు. పెట్టె తెర మీద కనిపించే అంకెతో సరిచూసి రూఢి చేసుకోండి. ఆ ఓఐడీని అంకెల్లోనే సాఫ్ట్‌వేర్‌లో రాసుకుంటే మిబ్ లేకుండానే గ్రాఫ్ వస్తుంది. కంపెనీకి మెయిల్ రాసేటప్పుడు మోడల్ పేరుతో పాటు ఆ ఆబ్జెక్ట్ ఐడీ, ఫర్మ్‌వేర్ వెర్షన్ కూడా రాయండి. ఆ రెండూ లేకపోతే వాళ్లు వేరే మోడల్ ఫైల్ పంపి చేతులు దులుపుకునే అవకాశం ఎక్కువ.